ఖాళీ బల్ల దగ్గర కాపలా

ఉగాదికి మా అమ్మాయి బెంగుళూరు నుంచి బళ్ళారి వచ్చింది. వాళ్ళమ్మ వంటింట్లో ఓళిగలు తడుతుంటే, తాను హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. "ఏమ్మా, పండగ పూట కూడానా?" అని అడిగాను. "ఏడుసార్లు ఆగాలి నాన్నా, మూడుసార్లే ఆగుతోంది" అంది. నేను బస్సు సంగతేమో అనుకున్నాను.

మన సంఘంలో ఎవరింటికి వెళ్ళినా పిల్లలు సాఫ్ట్‌వేరులోనే ఉన్నారు. ఏం చేస్తున్నారని అడిగితే "కంప్యూటర్లో" అని చెప్పి ఊరుకుంటాం. ఆ రోజు భోజనాలు ఆలస్యమైన పుణ్యమా అని నాకు కొంత బోధపడింది. బి.కాం. బుర్రకు ఎక్కినంత వరకు మీ ముందు పెడతాను.

మా అమ్మాయి చేసేది ప్రోగ్రాములు రాసే పని కాదు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే డీబగ్గర్ అనే పరికరం సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే పని. సరుకు తూచడం వేరు, త్రాసును తూచడం వేరు. ఆమెది రెండోది.

మనిషి రాసిన ప్రోగ్రామును కంపైలర్ యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామును ఫలానా చోట ఆపి, అక్కడ లెక్కలు ఎలా ఉన్నాయో చూడాలంటే బ్రేక్‌పాయింట్ పెట్టాలి. పెట్టడమంటే మరేమీ లేదు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఆ చోటున్న ఆజ్ఞ మొదటి బైటును తీసి దాచి, దాని స్థానంలో సీసీ అనే బైటును ఉంచుతారు. యంత్రం నడుస్తూ నడుస్తూ దాని మీద కాలు పెట్టగానే ఆగిపోతుంది. మనం చూడవలసింది చూశాక పాత బైటును తిరిగి పెట్టి ముందుకు సాగనిస్తారు.

చిక్కు ఎక్కడంటే, రాసినవాడి ప్రోగ్రామూ యంత్రంలో నడిచే ప్రోగ్రామూ ఒకే ఆకారంలో ఉండవు. పైసలను దగ్గరి రూపాయికి సవరించే చిన్న ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. దాన్ని సేవింగ్సు వడ్డీ దగ్గర ఒకసారి, రికరింగ్ డిపాజిట్ దగ్గర ఒకసారి, అప్పు వాయిదాల లూపులో ఐదుసార్లు పిలుస్తాం. రెండు ఆజ్ఞల పనికి ప్రతిసారీ అంత దూరం వెళ్ళి రావడం దండగ అని కంపైలర్ ఆ రెండు ఆజ్ఞలనూ పిలిచిన చోటే నకలు రాసేస్తుంది. దీన్నే ఇన్‌లైన్ చేయడమంటారు. ప్రోగ్రాము వేగం పెరుగుతుంది. అసలు ఫంక్షన్ కూడా ఒక్కోసారి దాని చోట అది ఉంటుంది, కాని అటువైపు ఎవరూ పోరు. బ్రేక్‌పాయింట్‌ను అక్కడ పెట్టి కూర్చుంటే ఇక ఆగడమన్నది ఉండదు.

ఈ మాట వినగానే నాకు చెమట పట్టింది. 1998లో నేను ఇన్‌స్పెక్షన్ మీద ఒక శాఖకు వెళ్ళాను. ఏ శాఖో చెప్పను. చెక్కుల మీద సంతకాలు సరిచూసే బల్ల ఒకటి, దాని వెనక రిటైర్మెంటుకు దగ్గరపడిన గుమాస్తా ఒకాయన. రెండు రోజులు ఆ బల్ల పక్కనే కూర్చున్నాను. ఒక్క చెక్కు రాలేదు. రిజిస్టరు ఖాళీ. "సార్, నమూనా సంతకాల కార్డులన్నీ కౌంటర్లకు పంచేశారండీ, ఎవరి కౌంటర్లో వాళ్ళే చూసుకుంటున్నారు" అని ఆయన రెండుసార్లు చెప్పాడు. నేను వయసులో ఉన్నాను, రిపోర్టులో పేరాలు ఎక్కువైతే పేరొస్తుందనుకునే రోజులు. "సంతకాల పరిశీలన జరగడం లేదు" అని రాశాను. ఆయనకు మెమో వెళ్ళింది. తర్వాత శాఖ నుంచి మూడు వాక్యాల జవాబు వచ్చింది, కార్డులు పంచమన్న ఆఫీసు ఆర్డరు తేదీతో సహా. పేరా మూసేశాను. ఆయనకు మాత్రం ఒక ముక్క రాయలేదు.

పని బల్ల దగ్గర ఆగిపోయిందే గాని శాఖలో ఆగలేదు. నేను కూర్చున్నది ఖాళీ బల్ల దగ్గర. "అదే నాన్నా, డీబగ్గర్ ఆగలేదంటే ఆ ఫంక్షన్ నడవలేదనుకుంటారు. అక్కడే మోసపోతారు" అంది అమ్మాయి.

ఇది కొత్త సమస్యేమీ కాదట. జీడీబీ అనే డీబగ్గరును రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదట రాశారు. 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి అది ఇన్‌లైన్ ఫంక్షన్లను గుర్తించడం మొదలుపెట్టింది. అప్పటికీ వాటి మీద బ్రేక్‌పాయింట్ పెట్టడం కుదరదనీ, పెడితే ఆ పేరే లేదంటుందనీ, లేకపోతే నకలు కాని అసలు దాని మీద మాత్రమే పెడుతుందనీ దాని మాన్యువల్లోనే ఒప్పుకున్నారు. లోపాన్ని పుస్తకంలో అచ్చువేసుకున్న ఆ నిజాయితీ నాకు నచ్చింది. తర్వాతి వెర్షన్లలో ఆ లోటు తీరింది. ఇప్పుడు ఒక పేరు చెబితే దాని నకళ్ళున్న చోట్లన్నీ వెతికి అన్నిటి మీదా పెట్టి, ఇన్ని చోట్ల పెట్టానని చెబుతుంది.

వెతకడానికి దానికో పటం కావాలి. ఆ పటాన్ని డ్వార్ఫ్ అనే పద్ధతిలో కంపైలరే రాసిపెడుతుంది: ఈ చిరునామా నుంచి ఈ చిరునామా వరకు ఉన్నది ఫలానా ఫంక్షన్ నకలు, దాన్ని పిలిచింది ఫలానా వరుసలో అని. పటంలో లేని నకలు డీబగ్గరుకు కనబడదు. అంటే తప్పు జరిగితే ఇద్దరిలో ఎవరిదో తేల్చాలి.

పరీక్ష రాయడంలోనూ తంటాలున్నాయి. ప్రోగ్రాము మరీ సులువుగా ఉంటే కంపైలర్ జవాబును ముందే లెక్కకట్టేసి ఫంక్షన్‌ను మాయం చేస్తుంది. అందుకని అంకెల ముందు వోలటైల్ అని రాస్తారు, ఈ విలువను ముందుగా ఊహించవద్దని హెచ్చరిక. తప్పకుండా నకలు రాయమని ఫంక్షన్‌కు ఇంకో గుర్తు తగిలిస్తారు. అప్పుడు ఓ2 స్థాయిలో కంపైల్ చేసి, డీబగ్గరును నడిపి, ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెడతారు. ఎన్ని చోట్ల నకళ్ళున్నాయన్నది కంపైలర్ ఇష్టం. లూపును విప్పి ఐదు నకళ్ళుగా పరిచినా పరచవచ్చు. ఎన్నిసార్లు ఆగాలన్నది మాత్రం ప్రోగ్రాము ఇష్టం. ఒకటీ ఒకటీ ఐదు, మొత్తం ఏడు.

మూడే ఎందుకు వచ్చాయో నాకు అప్పటికి తట్టింది. లూపును విప్పిన ఐదు నకళ్ళలో మొదటి దాని మీదే పడింది కదా అన్నాను. అమ్మాయి నావైపు వింతగా చూసింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు తేడాలు వెతికినవాణ్ణి, నాలుగు తక్కువైతే ఏ నాలుగో చూడనా?

ఆమె తలనొప్పి అది కాదట. కారణం ఆమెకూ ముందే తెలుసు. విడుదల దగ్గర పడింది, పరీక్షలో ఏడును మూడుగా దిద్దేసెయ్, పాసవుతుంది అని పైవాడు చెప్పాడట. "దిద్దితే ఎవరికీ తెలియదు నాన్నా. రేపెవడో వడ్డీలో తేడా వచ్చి రాత్రంతా కూర్చుంటాడు, రెండో వాయిదా దగ్గర ఆగలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుంటాడు."

డే బుక్ కలవకపోతే ఏం చేస్తామో చెప్పాను. అంకె దిద్దం. తేడాను సస్పెన్సు ఖాతాలో వేసి, ఎందుకు వేశామో వివరం రాసి, శాఖ మూస్తాం. వాళ్ళ దగ్గరా అలాంటిది ఉందట. జీడీబీ పరీక్షలు డెజాగ్నూ అనే చట్రంలో నడుస్తాయి, వీళ్ళ కంపెనీలోనూ అదే వాడతారు. అందులో ఫెయిలైన పరీక్షకు రెండు ఖాతాలున్నాయి. తప్పు డీబగ్గరుదే అని తెలిస్తే కేఫెయిల్, కంపైలర్ వంటి బయటివాళ్ళదైతే ఎక్స్‌ఫెయిల్. విడుదల ఆగదు, తేడా కనబడకుండానూ పోదు.

పటంలో ఐదు నకళ్ళూ ఉన్నాయని చూపించింది. అంటే తప్పు డీబగ్గరుదే. ఏడును ఏడుగానే ఉంచి, కేఫెయిల్ అని రాసి, వివరం జతచేసి పంపించింది. అప్పటికి ఓళిగలు చల్లారిపోయాయి, వాళ్ళమ్మ ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది.

మొన్న ఆదివారం ఫోనులో అడిగాను. ఇంకా మూడుసార్లే ఆగుతోందట. వేరే బృందం చూస్తోందట. నేను ఆ గుమాస్తా గారి చిరునామా కోసం పాత స్నేహితులను అడుగుతున్నాను.