బెజ్జం ఒకటి, ఉపాయాలు పది

మార్టైజ్ అనే మాట మన ఇళ్లలో వినిపించేది తలుపుకు తాళం కొనేటప్పుడే. తలుపు అంచును తొలిచి, ఆ బెజ్జంలో ఒదిగేలా బిగిస్తారు కాబట్టి ఆ తాళానికి ఆ పేరు. వడ్రంగికి మాత్రం ఆ బెజ్జం తాళం కోసం పుట్టింది కాదు. ఒక చెక్కకు బెజ్జం తొలిచి, మరో చెక్క కొసను నాలుకలా చెక్కి అందులో దిగగొట్టడం వేల ఏళ్ల నాటి విద్య. ద్వారబంధాలు, మంచాలు, కుర్చీలు దాని మీదే నిలబడ్డాయి. మేకు తుప్పు పడుతుంది, స్క్రూ వదులవుతుంది. చక్కగా కుదిరిన ఈ అతుకు మాత్రం తరాలపాటు నిలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ఉలితో, కొయ్య సుత్తితో దాన్ని అలా కుదర్చడానికి ఏళ్ల సాధన కావాలి.

ఆ పనిని నిమిషాల్లోకి దించిన చేతి యంత్రం డామినో. జర్మనీకి చెందిన ఫెస్టూల్ సంస్థ 2000ల మధ్యకాలంలో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1950ల్లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన బిస్కెట్ జాయినర్ అప్పటికే వాడుకలో ఉంది. అది చెక్కలో నెలవంక ఆకారపు గాడి కోస్తుంది. అందులో పెట్టే పలచని బిళ్ల చెక్కలను వరుసలో ఉంచుతుందే తప్ప పెద్దగా బరువు మోయదు. డామినోలో బిట్ గిర్రున తిరుగుతూనే గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతుంది. దాంతో కొసలు గుండ్రంగా ఉన్న పొడవాటి బెజ్జం పడుతుంది. రెండు చెక్కలకూ ఒకేలాంటి బెజ్జాలు పెట్టి, మధ్యలో విడిగా తయారుచేసిన బీచ్ కర్ర ముక్కను జిగురుతో దించితే అతుకు సిద్ధం.

తయారీదారు చెప్పిన పని అంతవరకే. అసలు విశేషం ఆ తర్వాతే ఉంది. ఈ యంత్రం చేతికి వచ్చిన వడ్రంగులు దాన్ని అతుకుల యంత్రంగా కాక, కొలత తప్పకుండా ఒకేలాంటి బెజ్జాలు పెట్టే సాధనంగా చూడటం మొదలుపెట్టారు. అక్కడి నుంచే కొత్త ఉపాయాలు వచ్చాయి.

భోజనాల బల్లనే తీసుకోండి. అసలు కర్రతో చేసిన బల్ల పై పలక వానాకాలంలో నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. దాన్ని కింది చట్రానికి కదలకుండా బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు పగులు ఖాయం. చట్రం లోపలి వైపు వరుసగా బెజ్జాలు పెట్టి, వాటిలో చిన్న కర్ర కొక్కేలు దూర్చి, వాటిని మాత్రమే పలకకు బిగిస్తే పలక తన దారిన తాను కదులుతుంది.

పాత కుర్చీ మరమ్మతు ఇంకో ఉదాహరణ. కాలి దగ్గర నాలుక లోపలే విరిగిపోతే, మిగిలిన మొండిని అంచుతో సమంగా కోసి, దాని మీదుగానే కొత్త బెజ్జం పెట్టి వేరే ముక్క దించవచ్చు. పారేయాల్సిన కుర్చీ మళ్లీ వాడుకలోకి వస్తుంది.

తరచూ ఇల్లు మారే అద్దెవాళ్ల మంచానికి మరో ఉపాయం. కర్ర ముక్కకు ఒక వైపే జిగురు రాసి, రెండో వైపు వదిలేసి, బోల్టులతో బిగిస్తే మంచం విప్పడం, కలపడం సులువు. ప్రతిసారీ చెక్కలు పాత చోటే కుదురుకుంటాయి.

చెప్పుల అల్మరా తలుపుకు గాలి కోసం, టీవీ స్టాండు వెనక పలకకు వైర్ల కోసం రంధ్రాలు పెట్టడానికీ ఇది పనికొస్తుంది. డీఎఫ్ 500 మోడల్ బిట్ 28 మిల్లీమీటర్ల లోతు దిగుతుంది కాబట్టి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను దాటి బయటికి వస్తుంది. వెనక ఒక పాత చెక్క బిగిస్తే అంచు చిట్లదు. టేకు ఫొటో ఫ్రేము మూలలో బయటికి కనిపించేలా నల్లటి రోజ్‌వుడ్ ముక్క దించి సాపు చేస్తే అతుకే అలంకారమవుతుంది.

ఇన్ని చేసినా హద్దులు తెలియాలి. తొందరపడి నెడితే బెజ్జం పక్కకు పోతుంది. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని కోయడం వేళ్లకే ముప్పు. మార్కింగు తప్పితే యంత్రం ఆ తప్పును అంతే కచ్చితంగా కోసి పెడుతుంది.

యంత్రాలు వస్తే చేతి విద్య పోతుందన్న బెంగకు జవాబు ఇక్కడే ఉంది. డామినో బెజ్జం మాత్రమే పెడుతుంది. ఎక్కడ పెట్టాలో, ఎన్ని పెట్టాలో, కర్ర ఏ వైపు కదులుతుందో మనిషే తేల్చుకోవాలి. ఒక్క ఉలితో పది పనులు చేసే మన వడ్రంగికి ఆ లెక్క కొత్త కాదు. ఈ యంత్రం నుంచి అందరికంటే ఎక్కువ పని రాబట్టగలవాడు అతనే. దానికి దూరంగా ఉన్నదీ అతనే.

కారణం ధర. అమెరికాలో ఈ యంత్రం ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుంది. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చింది. పనిముట్లకు రూ.15,000 వరకు సాయం, ఐదు శాతం వడ్డీకి రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు రుణం, ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ అందులో ఉన్నాయి. రూ.15,000తో డ్రిల్లు, చిన్న రంపం మిషను వస్తాయి, ఇది రాదు. అప్పు చేసి కొన్నా, నెలకు నాలుగు మంచాలు చేసే చిన్న దుకాణానికి గిట్టుబాటు కాదు.

వరికోత యంత్రాన్ని ప్రతి రైతూ కొనడు, కోతల వేళ అద్దెకు పిలుస్తాడు. వడ్రంగులు గుంపుగా ఉండే పట్టణాల్లోనూ అదే పద్ధతి పెట్టవచ్చు. చిన్న పరిశ్రమల క్లస్టర్లకు ఉమ్మడి సౌకర్య కేంద్రాలు కట్టించే పథకం కేంద్రం దగ్గర ఉండనే ఉంది. అలాంటి కేంద్రంలో రెండు యంత్రాలు, గంటల లెక్కన అద్దె, వాడటం నేర్పే ఒక మేస్త్రి ఉంటే చాలు. ఆ మేస్త్రి యంత్రం బటన్ల కంటే ముందు బెజ్జం ఎక్కడ పెట్టాలో నేర్పాలి. పథకాలు రాసేవాళ్లు యంత్రం ఎవరి పేరున ఉందని కాకుండా ఎన్ని చేతులకు అందిందని లెక్కపెట్టిన రోజున ఈ ఖర్చు దండగ అనిపించదు.