పగలు దొంగ, రాత్రి కళాకారుడు



నేపాల్‌లోని చిత్వన్ నేషనల్ పార్కుకి పోయొచ్చినవాళ్లు రెండు ఫొటోలు తప్పకుండా పెడతారు. ఒకటి ఖడ్గమృగం. రెండోది సౌరాహాలో రాత్రిపూట టూరిస్టుల కోసం ఆడే థారూల కర్రల నాట్యం. మొదటి ఫొటో గురించి చాలామంది రాశారు. నేను రెండోదాని గురించి మాట్లాడతాను.

ఆ కర్రలు పట్టుకున్నవాళ్లెవరు? మలేరియాకి భయపడి కొండల జనం దిగిరాని కాలం నుంచీ ఆ తరాయి అడవుల్లో బతికిన మూలవాసులు. 1854లో నేపాల్ రాజ్యం కులాల నిచ్చెనని ములుకీ ఐన్ పేరుతో చట్టంగా రాసుకుంది. అందులో థారూలు బానిసలుగా చేయదగ్గ జనం. దళితులు ఇంకా కింది మెట్టు, అంటరానివాళ్లు. 1950లలో డీడీటీ చల్లి మలేరియాని అదుపు చేశాక కొండల నుంచి జనం దిగారు. కాగితం ఉన్నవాడిదే భూమి అయింది. 1973లో అడవి పార్కయింది, తర్వాత సైన్యం కాపలాకొచ్చింది. నది మీద బతికే బోటే, మాఝీ, ముసహర్‌లకి చేపలవేట నేరమైంది. ఇంటికప్పుకి గడ్డి కోసుకోవాలన్నా ఏడాదిలో కొద్ది రోజులే అనుమతి.

మరి ఆ జంతువుల్ని చంపిందెవరు? 1911లో ఐదో జార్జి అక్కడికి వేటకొస్తే ఆ బృందం 39 పులుల్ని, 18 ఖడ్గమృగాల్ని చంపింది. దాన్ని రాజుగారి వినోదమన్నారు. పూటకి రెండు చేపలు పట్టినవాడు మాత్రం దొంగ!

"పార్కు లేకుంటే ఖడ్గమృగాలు మిగిలేవా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1960లలో వంద దాకా పడిపోయినవి, 2021 లెక్కలో చిత్వన్‌లోనే 694. సంతోషమే. కానీ ఆ సంతోషానికి మూల్యం కట్టిందెవరు? టికెట్ డబ్బుల్లో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్లకి ఇవ్వాలని అక్కడ నిబంధన ఉంది. ఆ డబ్బు పంచే కమిటీలో ముసహర్ ఆడమనిషి ఉందా? ఉంటే ఆమె మాట చెల్లుతుందా? అసలు ప్రశ్న ఇది.

సంస్కృతి అంటే డాన్సు ఒక్కటే కాదు. నది, వల, గడ్డి, తిండి, వాటి మీద హక్కు. హక్కుని గుంజుకుని ఆటని మాత్రం స్టేజీ ఎక్కిస్తే అది గౌరవం కాదు, అమ్మకం.

ఇది నేపాల్ ముచ్చటే అనుకోకండి. నల్లమలలో పులి పేరు చెప్పి ఊరు ఖాళీ చేయమనే మాట చెంచులూ వింటున్నారు. అమ్రాబాద్ సఫారీకి పోయే విద్యార్థులారా, పోండి. పులి ఎక్కడ కనబడుతుందని అడగండి. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో, మీ పట్టాలు ఏమయ్యాయని కూడా అడగండి.

జై భీమ్.