దిష్టి కాదు, డ్యూటీ గంటలు

వారానికి 70 గంటలు పని చెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువతకు సలహా ఇచ్చారు. 2025లో ఎల్ అండ్ టీ అధిపతి ఆ అంకెను 90 దాకా తీసుకెళ్లారు. మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది "నిజమే కదా, కష్టపడితే ఎవరూ చావరు" అని తలలూపారు. నేను ఊపలేకపోయాను. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా తాతగారు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాప్ పనికి వచ్చారు. నాన్న ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్. మథురాకాటిలో మా క్వార్టర్. అర్ధరాత్రి కాల్ బాయ్ తలుపు కొడితే పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బా పట్టుకుని వెళ్లిపోయేవారు. ఎవరైనా సిక్ పెడితే వాళ్ల టర్న్ కూడా తనే అడిగి తీసుకునేవారు. అక్క పెళ్లి అప్పు తీర్చాలి మరి. 1972లో, 46వ ఏట, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

"కష్టపడే మనిషి మీద ఎవడి కన్నో పడింది" అంది అమ్మ. గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. అమ్మవారికి కోడిని మొక్కారు. తాయెత్తు కట్టినవాడు 60 రూపాయలు పట్టుకుపోయాడు. అప్పటిదాకా నాన్న రక్తపోటు ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన పోయాక పెట్టెలో ఒక చిన్న నోటు పుస్తకం దొరికింది. డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము పెన్సిల్‌తో రాసుకున్నారు. రక్షణ శాఖ లెక్కల్లో ఊరందరి బిల్లులూ తనిఖీ చేసిన నేను, ఆ రోజు నాన్న పద్దు కూడాను. చివరి ఎనిమిది వారాల్లో ఒక వారం 81 గంటలు. అన్నిటికన్నా తక్కువైన వారం 66. దిష్టి పద్దు ఎక్కడా కనబడలేదు.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. నాన్న బీడీలు కాల్చేవారు. తాతగారికీ రక్తపోటు ఉండేది. ఒక్క మనిషి కథ రుజువు కాదు. అలా అనుకుంటే తాయెత్తు నమ్మేవాడికీ నాకూ తేడా లేదు. అందుకే పెద్ద లెక్కలు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆ పైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఇలా పోయిన ప్రాణాలు సుమారు 7,45,000 అని వారి అంచనా.

మన రైల్వేలో 1924లోనే తరుగుదల నిధి ఏర్పాటు చేశారు. ఇంజన్ అరుగుతుంది, దాని బదులు ఇంకోటి కొనాలి కాబట్టి ఏటా కొంత పక్కన పెట్టాలి అన్నారు. ఆవిరి ఇంజన్‌కి బాయిలర్ కడిగే రోజు వస్తే షెడ్డులో నిలబెట్టి తీరాలి. బొగ్గు వేసే మనిషి అరుగుదలకు మాత్రం ఏ ఖాతాలోనూ పద్దు లేదు. దానికి తలరాత అని పేరు పెట్టుకున్నాం.

ఆ పద్దు రాయించడానికి పోరాటాలే కావలసి వచ్చాయి. 1921లో భారత కార్మికుడికి బ్రిటిష్ సర్కారు ఒప్పుకున్న హద్దు వారానికి 60 గంటలు. నేటి సలహా దానికన్నా 10 ఎక్కువ! 1927లో ఈ ఊరి వర్క్‌షాప్ కార్మికులు సమ్మె చేసిన కాలంలో వారి సంఘానికి నాయకుడు మన వి.వి. గిరి. పదిగంటల డ్యూటీ హామీ కోసం ఇంజన్ సిబ్బంది 1973 ఆగస్టులో సమ్మె చేయాల్సి వచ్చింది. నాన్న చెయ్యి పడిపోయిన మరుసటి ఏడాది అది. 1974 మేలో ఇరవై రోజుల రైల్వే సమ్మెను అణచివేసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది అదే గిరి గారు.

"గంటలు తగ్గిస్తే దేశం ఏమైపోతుంది?" అంటారు. నిద్రలేని డ్రైవరు సిగ్నల్ దాటితే ఏమవుతుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గుమాస్తా సంగతి నేను చెబుతాను. మార్చి నెలాఖరున రాత్రి పది దాటాక నేను పాస్ చేసిన బిల్లులు మర్నాడు మళ్ళీ చూసుకోవాల్సి వచ్చేది. ఎక్కువ గంటలు కూర్చోవడం, ఎక్కువ పని చేయడం ఒకటి కావు.

ఇప్పుడు దిష్టి స్థానంలో కొత్త సలహాలు వచ్చాయి. తెల్లవారుజామున లేవండి, రాగి చెంబులో నీళ్లు తాగండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి. నడక మంచిదే, నేనూ నడుస్తాను. కానీ 70 గంటల్ని ఆరు రోజులకు పంచితే రోజుకు 11 గంటల 40 నిమిషాలు. ఏడు గంటలు నిద్రపోతే మిగిలేది 5 గంటల 20 నిమిషాలు. ప్రయాణం, స్నానం, తిండి, పిల్లలు, బజారు అన్నీ అందులోనే. నడక ఎప్పుడు? జబ్బు చేస్తే మాత్రం "నీకు క్రమశిక్షణ లేదు" అంటారు. తప్పు మళ్ళీ ఆ మనిషి మీదికే.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఈమధ్య తలతిప్పులు. మా అక్క వాడి కాలికి నల్లతాడు కట్టింది. నేను రెండే అడిగాను. రక్తపోటు చూపించుకోరా, నెలరోజులు డ్యూటీ గంటలు రాసి పంపరా అని. మొదటి వారం లెక్క వచ్చింది: 74.

తాడు ఇంకా కాలికే ఉందట. ఉండనివ్వండి. గంటలైతే రాస్తున్నాడు.