నేల ప్రణాళికలో మన గడువెంత?

పట్టణ ప్రణాళిక అనగానే అది ఇంజనీర్ల వ్యవహారమనీ, రంగురంగుల మ్యాపుల వ్యవహారమనీ మహిళా సంఘాలలో పనిచేసే మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. వరకట్నం గురించీ, సారా గురించీ, పనిచేసే చోట వేధింపుల గురించీ మాట్లాడినంతగా మనం భూవినియోగం గురించి మాట్లాడలేదు. కానీ ఎక్కడ ఫ్యాక్టరీ ఉండాలి, ఎక్కడ గడ్డి పెరగాలి, ఏ చెరువు శిఖాన్ని ముట్టకూడదు అని తేల్చేటప్పుడే స్త్రీల కూలి, ఇంటికి వచ్చే నీళ్ళు, పనికి వెళ్ళే దూరం కూడా తేలిపోతున్నాయి. ఉప్పల్, నాచారంలలో జరుగుతున్నది చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానాన్ని తెచ్చింది. పత్రికలు దీన్ని 'హిల్ట్' అని రాస్తున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దానికి దగ్గరలోనూ ఉన్న 22 పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్ళకూ, ఆఫీసులకూ, దుకాణాలకూ మార్చుకునే వీలు కల్పించింది. ఆ జాబితాలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఉన్నాయి. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో యజమాని కట్టాలి. దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఇచ్చారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 2020లో 'గ్రిడ్' విధానం కింద వీటిలో కొన్ని వాడలను ఐటీ పార్కులుగా మార్చే ప్రయత్నం మొదలైంది.

భూములను చౌకగా ఇచ్చేస్తున్నారని ప్రతిపక్షాలన్నాయి. నగరంలో కాలుష్యం తగ్గుతుందని ప్రభుత్వమంది. కాలుష్యం కల్పించిన మాట కాదు; ఆ గాలి పీలుస్తూ పిల్లల్ని పెంచుకున్న నాచారం స్త్రీలకు దాని సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఈ రెండు వాదనల్లోనూ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కనిపించదు.

భూమి యజమానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ప్యాకింగ్ దగ్గర, కుట్టుమిషన్ దగ్గర కాంట్రాక్టరు కింద పనిచేసే స్త్రీకి ఎంత గడువుంది? అదే నవంబరులో కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీని మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావలసివచ్చేది. ఇప్పుడా హద్దు 300. చిన్న చిన్న షెడ్లు పాత హద్దుకే దొరికేవి కావు, కొత్తదానికి ఎక్కడ దొరుకుతాయి? నేలను విడిపించే ఉత్తర్వు ఒక శాఖది, పనిని విడిపించే చట్టం మరొక ప్రభుత్వానిది. రెండూ వచ్చి పడేది ఒకే మనిషి మీద.

ఫ్యాక్టరీ ఔటర్ అవతలికి వెళితే ఆమె కూడా వెళ్ళవచ్చు కదా అంటారు. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు, నిజమే. టికెట్ లేకపోయినా గంటలు పోతాయి. పొద్దున నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపిన తర్వాత ఆమెకు మిగిలే సమయమెంతో ఏ రవాణా సర్వేలోనూ రాయరు. పని పోతే దానితోపాటు ఈఎస్‌ఐ కూడా పోతుంది. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి అలాగే ఉంటుంది, దాని గడప తొక్కే హక్కు మాత్రం కొద్ది నెలల్లో ముగుస్తుంది. 26 వారాల ప్రసూతి సెలవు జీతమూ అంతే.

ఉప్పల్ భగాయత్‌లో ఇదే కథ ఇంకో రూపంలో జరిగిపోయింది. మూసీ ఒడ్డున పంటలూ, పారా గడ్డీ పండిన నేలను అభివృద్ధి సంస్థ తీసుకుని లేఅవుట్ చేసింది, రైతులకు కొంత భాగం ప్లాట్లుగా ఇచ్చింది, మిగిలినది 2019 నుండి వేలం వేసింది. పాడికి ఆధారమైన గడ్డినేల గజాల్లోకి మారింది. ప్లాటు పట్టా ఉన్న పేరు మీద వచ్చింది. గడ్డి కోసినవాళ్ళకూ, ఆకుకూరలు గంపల్లో మోసి అమ్మినవాళ్ళకూ పట్టా ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్ 1986లోనే కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవారిని వదిలేసింది. ఆ లోటు 2005 కేంద్ర సవరణతో గాని పూడలేదు. పరిహారం పంచేవేళ ఇలాంటి తేదీలే స్త్రీల వాటాను నిర్ణయిస్తాయి.

ఇప్పుడు అసలు ప్రణాళిక సంగతి. 1975లో హుడా, 2008లో హెచ్‌ఎండీఏ ఏర్పడ్డాయి. ప్రస్తుత మహానగర ప్రణాళిక 2013 జనవరిలో ఆమోదం పొందింది, లక్ష్యం 2031. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ పరిధిని ప్రాంతీయ రింగ్ రోడ్డు దాకా, 10 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పెంచారు. ఈ విశాల ప్రాంతానికి 2050 దాకా చూసే ప్రణాళిక కావాలంటున్నారు. కావలసిందే. కానీ ప్రణాళిక ఇంకా రాకముందే 9 వేల ఎకరాల భూవినియోగం మార్చే ఉత్తర్వు వచ్చేసింది. గోడలు లేచాక పునాది గీత గీస్తే దాన్ని ప్రణాళిక అనవచ్చునా?

చట్టం ప్రకారం ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలు అడుగుతారు. విడి భూవినియోగ మార్పుకైతే పత్రికలో ఒక ప్రకటన, 15 రోజుల గడువు. సర్వే నంబర్లతో నిండిన ఆ ప్రకటనను చిలుకానగర్‌లోనో మల్లాపూర్‌లోనో అద్దెకుండే స్త్రీ చదివి అభ్యంతరం రాస్తుందని ఎవరూ అనుకోరు. 74వ రాజ్యాంగ సవరణ మహానగర ప్రణాళికా కమిటీలో మూడింట రెండు వంతుల మంది స్థానిక సంస్థల ప్రతినిధులు ఉండాలన్నది. 2016, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించారు. ఆ స్త్రీలు కూర్చోవలసిన కుర్చీ ఈ కమిటీలోనే ఉంది.

కాబట్టి మనం అడగవలసింది కాలక్రమాన్నే. ముందు చెరువుల, నాలాల హద్దులు తేలాలి. ఉప్పల్ నల్లచెరువును హైడ్రా బాగుచేయించడం మంచిదే, అయితే ఎగువ నాలా పక్కన టవర్లు లేచాక హద్దురాళ్ళు నిలవవు. 2020 అక్టోబరు వరదల్లో బురద ఎత్తిపోసింది ఎవరో మనకు తెలుసు. ఆ తర్వాత పనిచేసేవారి లెక్క. తర్వాత బస్తీల్లో, సాయంత్రం పూట, తెలుగులోనూ ఉర్దూలోనూ విచారణలు. భూవినియోగ మార్పిడి అన్నిటికంటే చివర.

ఆ లెక్క కోసం ప్రభుత్వం వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు. నాచారం, ఉప్పల్ వాడల్లో పనిచేసే సంఘాలు షెడ్డు షెడ్డుకూ తిరిగి ఎంతమంది స్త్రీలున్నారు, జీతమెంత, ఈఎస్‌ఐ నంబరు ఉన్నదా, ఇంటి నుండి ఎంతసేపు పడుతున్నది అని రాసుకోవచ్చు. నాలుగు గడుల కాగితం చాలు. ముసాయిదా వెలువడకముందే దాన్ని హెచ్‌ఎండీఏ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.