నడుములు మనవి, సీట్లు వాళ్లవా?

కేసీ కాలువ కింద నాట్లు వేసేది ఎవరు? బేతంచెర్ల గనుల్లో నాపరాళ్లు మోసేది ఎవరు? ఆళ్లగడ్డలో దేవుళ్ల బొమ్మలు చెక్కడానికి వచ్చిన బండల్ని లారీ నుంచి దించేది ఎవరు? నంద్యాల చుట్టూ పత్తి చేలల్లో వంగి పత్తి తీసేది ఎవరు? మన మాల గేరిలో, మాదిగ గేరిలో నలభై దాటిన ఆడమనిషిని ఎవరినైనా అడగండి. నడుము లేదంటుంది, మోకాళ్లు అరిగినాయంటుంది. ఎవరికి చూపించుకున్నావక్కా అంటే, నొప్పి మాత్ర మింగి పనికి పోయినానంటుంది.

నడుము పోయినోళ్లు ఒక గేరిలో ఉన్నారు. నడుము బాగుచేసే చదువు ఇంకో వీధిలో ఉంది. ఈ పక్షం మేము మాట్లాడదల్చుకున్నది దీని గురించే.

ఆ చదువు పేరు ఫిజియోథెరపీ. దాని తోబుట్టువు ఆక్యుపేషనల్ థెరపీ. పేర్లు ఇంగ్లీషువి గాని పని మనకు అర్థం కానిదేం కాదు. పక్షవాతంతో పడిపోయిన చెయ్యిని రోజూ కదిలించి, కండకు బలం తెచ్చి మళ్లీ లేపేది ఫిజియోథెరపీ. లేచిన ఆ చేత్తో అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, తిరిగి పనిలోకి పోవడం నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. పుట్టుకలోనే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలకు రెండూ కావాలి. మన దేశంలో 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణ మొదలుపెట్టారు. పోలియో బొంబాయిని కుదిపేసిన ఆ రోజుల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో అక్కడ ఫిజియోథెరపీ స్కూలు కూడా వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటింది. కాళ్లు నడిపించే ఆ చదువు మన గేరి దాకా మాత్రం ఇంకా నడిచి రాలేదు.

ఎందుకు రాలేదు? ఈ పని రోగి ఒళ్లు ముట్టకుండా జరగదు. ఒళ్లు ముట్టే పని ఈ దేశంలో ఎవరికి అప్పజెప్పారు? కాన్పులు చేసింది మాదిగ, మంగలి ఆడవాళ్లు. కురుపు కోసినవాళ్లు, ఒళ్లు పట్టినవాళ్లు, విరిగిన ఎముకకు కట్టు కట్టినవాళ్లు చేతిపని కులాలవాళ్లు. బిడ్డ బయటపడేదాకా మన అవ్వల చెయ్యి కావాలి. బిడ్డ ఏడ్చిన మరుక్షణం ఆ చెయ్యి మైల. చేటెడు గింజలు పోసి, ఆమె కూర్చున్న చోట నీళ్లు చల్లుకున్నారు. ఇప్పుడు అదే ఒళ్లు ముట్టే పనికి తెల్లకోటు తొడిగి, డిగ్రీ పేరు పెట్టి, ఫీజు కట్టారు. మైల ఎటు పోయింది? డబ్బు వచ్చే దారిన అది పారిపోయింది! మైల పోయినంక "ఇది పోటీ చదువు, మీకు కష్టం" అని మనకే చెప్తున్నారు.

1990లో మండల్ రోజులు గుర్తుకు తెచ్చుకోండి. రిజర్వేషన్లు వద్దని అగ్రకుల విద్యార్థులు నడిరోడ్డు మీద బూట్లు పాలిష్ చేసి నిరసన చూపించారు. తోలు ముట్టడం తమకు ఎంత అవమానమో దేశానికంతా చాటుకున్నారు. ఆ తోలు పనిలో పుట్టినవాళ్లం మనం. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న జాతీయ పునరావాస సంస్థలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీతో పాటు కృత్రిమ కాళ్లు, పట్టీలు తయారుచేసే డిగ్రీ కూడా ఉంది. జైపూర్ కాలు ఎట్లా పుట్టింది? డాక్టర్ పీకే సేఠీ పక్కన రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు నిలబడ్డాడు కాబట్టి పుట్టింది. 1981లో మెగసెసే బహుమతి డాక్టరుకు వచ్చింది. చేతిపనివాడి పేరు ఎంతమందికి తెలుసు? చెయ్యి ఒకరిది, పేరు ఒకరిది. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఇప్పుడు గేటు ఇంకొంచెం ఎత్తు పెంచుతున్నారు. మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఇంటర్ బైపీసీ మార్కులు చూసి బీపీటీ సీట్లు ఇచ్చారు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చింది. నాలుగున్నరేళ్ల ఫిజియోథెరపీ డిగ్రీ ఐదేళ్లయింది. ప్రవేశానికి నీట్ ఉండాలంది. దొంగ సర్టిఫికెట్లతో బోర్డు కట్టుకునేవాళ్లను అదుపు చేసే చట్టాన్ని మేము కాదనడం లేదు. మేము అడిగేది ఒకటే. నీట్ దేన్ని కొలుస్తుంది? 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే మైనస్. రోగి నొప్పికి మూలిగితే చెయ్యి ఎక్కడ ఆపాలో ఆ పరీక్ష అడగదు. లక్షలు పోసి ఏడాది హాస్టల్లో పెట్టగలిగిన తండ్రి ఎవరో మాత్రం అది బాగా కనిపెడుతుంది. నీట్ తెలుగులో రాయొచ్చు, నిజమే. తెలుగులో చదివించే కోచింగ్ మన బిడ్డకు ఎవరు ఇస్తారు? బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరు మోసిన నంద్యాలలో వీధికొక హాస్టలు ఉంది. డబ్బు లేనోడికి అందులో ఒక్క మంచమన్నా ఉందా?

తమిళనాడు చూడండి. అరియలూరు జిల్లాలో మూటలు మోసే కూలీ బిడ్డ అనిత, దళిత పిల్ల. ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు తెచ్చుకుంది. నీట్ గేటు దగ్గర ఆగిపోయింది. సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2017 సెప్టెంబర్ 1న ప్రాణం తీసుకుంది. జనం రోడ్డెక్కారు. 2020లో ఆ రాష్ట్రం వైద్య విద్య సీట్లలో ప్రభుత్వ బడి పిల్లలకు 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. పోరాడితే వచ్చింది. మన దగ్గర ఎవరు అడిగారు?

"మెరిట్ తగ్గితే రోగికి ప్రమాదం" అని ఒక పాట పాడతారు. రిజర్వేషన్ గుమ్మం దాటేదాకానే. లోపల పాసు మార్కు అందరికీ ఒకటే. డబ్బు కట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కున్నవాడి మెరిట్ గురించి ఈ పాటగాళ్లు ఒక్క చరణమన్నా పాడరేం?

పరీక్ష ఒక గేటు. కాగితం ఇంకో గేటు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఒక మాదిగ పిల్ల మా దగ్గర చదువుకుంది. బైపీసీ మంచి మార్కులతో పాసయింది. కుల పత్రానికి ఒక రోజు, ఆదాయ పత్రానికి ఇంకో రోజు. సర్వర్ లేదన్నారు, సంతకం లేదన్నారు, రేపు రమ్మన్నారు. తల్లి మూడు రోజుల కూలి పోగొట్టుకుంది. దరఖాస్తు గడువు దాటిపోయింది. "ఏముందిలేమ్మా, వచ్చే ఏడు చూసుకో" అన్నాడు ఆ కుర్చీలో మనిషి. వచ్చే ఏటికి ఆ పిల్ల మెడలో తాళి పడింది. ఆమెను ఆపింది నీట్ కాదు, ఒక ముద్ర. ఈ ముద్రలతో ఎంతమందిని ఆపారో ఏ రికార్డులోనూ ఉండదు.

కాబట్టి సంఘం కార్యకర్తలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. పదో తరగతి పాసైన పిల్లల ఇంటికి పోయి బైపీసీ గురించి చెప్పండి. ఆడపిల్లల తల్లిదండ్రులకు మరీ చెప్పండి. కుల, ఆదాయ, స్థానికత పత్రాలు ఇంటర్ రెండో ఏడాదిలోనే తీయించి పెట్టండి. 2025లో మన రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ వచ్చింది. రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 శాతం. పత్రంలో ఉపకులం తప్పు పడితే వాటా పోతుంది, సరిచూసుకోండి. రాష్ట్రంలో కన్వీనర్ సీట్లు భర్తీ చేసేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. దాని ప్రకటనలు ఎప్పటికప్పుడు చదివి గేరిలో బోర్డు మీద రాయండి. తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. నంద్యాల పిల్లలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో స్థానికులు. ఆక్యుపేషనల్ థెరపీకి ఓలట్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై జాతీయ సంస్థల వైపు చూడండి. అవి కేంద్ర సంస్థలు. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు మన హక్కు. "బెంగుళూరులో సీటిప్పిస్తా" అని వచ్చే ఏజెంటును గేరి బయటే నిలబెట్టండి. రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ కుటుంబానికి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు. ఏజెంటు ఈ మాట చెప్పడు, మీరు చెప్పండి.

పీజీ మాట కూడా మరవొద్దు. 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో తెచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు కట్టడం రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. డిగ్రీ దాకా మోసుకొచ్చి మెట్టు మీద వదిలేసే ప్రభుత్వం ఏ పార్టీదైనా మనం నిలదీయాల్సిందే.

మా డిమాండ్లు ఇవి:

1. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. దాని పక్కన ప్రభుత్వ ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ కాలేజీ పెట్టాలి.

2. ఈ సీట్లలో ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో చదివిన పిల్లలకు ప్రత్యేక వాటా చట్టం చేయాలి.

3. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో బైపీసీ పిల్లలందరికీ తెలుగులో ఉచిత నీట్ శిక్షణ ఇవ్వాలి.

4. దరఖాస్తుల కాలంలో కుల, ఆదాయ పత్రాలు గేరికే వచ్చి ఇవ్వాలి. ఆఫీసు ఆలస్యం చేస్తే పిల్లకు గడువు పెంచాలి.

5. మండలాల్లోని భవిత కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో పూర్తికాలం థెరపిస్టులను నియమించాలి. ఆ పోస్టుల్లో మన వాటా నింపాలి.

ఒకనాడు మన నీడ పడితే స్నానం చేసినవాడు రేపు పక్షవాతం వచ్చి మంచాన పడితే, అతని చెయ్యి పట్టి లేపేది మన బిడ్డ కావాలి. అతని మీద దయతో కాదు, చదువుకున్న హక్కుతో. అదే గేరిలో నడుము విరిగిన అక్కకు ముందుగా చెయ్యి అందించేదీ ఆ బిడ్డే కావాలి. నొప్పి తెలిసిన ఇంట్లో పుట్టిన చెయ్యి అది. దానికి దరఖాస్తు ఫారం అందేదాకా మనం ఇంట్లో కూర్చోకూడదు.

జై భీమ్!