ఐదు పాయింట్ల ఓటమి - రెండు కోట్ల జబ్బు

ఇక్కడ ఏమైనా రాసి చాలా రోజులైంది. పని ఒత్తిడి అని చెబితే అబద్ధం, బద్ధకం అంటేనే నిజం. కానీ ఆఫీసు క్యాంటీన్‌లో ఒక వాదన నెలల తరబడి సాగుతూనే ఉంది. ప్రతిసారీ నేనొక్కణ్ణి ఒక పక్క, మిగతా ఆరుగురూ ఇంకో పక్క. అక్కడ నా మాట వినిపించుకునే నాథుడు లేడు కాబట్టి ఇక్కడికొచ్చి పడ్డాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

విషయం తెలుగు టైటాన్స్. 2025 అక్టోబరు 29, ఢిల్లీ, ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ రెండో క్వాలిఫయర్. గెలిస్తే ఫైనల్. పుణేరి పల్టన్ 50, తెలుగు టైటాన్స్ 45. అంతే, ఇంటికి.

మర్నాడు పొద్దున్నే మా టీం లీడు కాఫీ కప్పు పట్టుకుని తీర్పు చెప్పేశాడు: "ఒక్క పెద్ద రైడర్ ఉండుంటే కప్పు మనదే బాసూ. పవన్‌ని వదిలేసి తప్పు చేశారు. రెండు కోట్లయినా సరే, ఒక స్టార్‌ని పట్టుకురావాలి." మిగతా ఐదుగురూ తలూపారు. ఇంటికొస్తే మా బావమరిదీ అదే మాట. ఫోను తెరిస్తే అందులోనూ అదే.

నాకు అర్థం కానిది ఒకటే. వీళ్ళెవరూ స్కోరు బోర్డు చూడరా?

నలభై అయిదు పాయింట్లు కొట్టి ఓడిపోయిన టీంకి రైడర్ కావాలా? ఆ రోజు భరత్ హుడా ఒక్కడే ఇరవైకి పైగా పాయింట్లు తెచ్చాడు. కబడ్డీలో ఒక టీం 45 కొట్టిందంటే మామూలుగా ఆ మ్యాచ్ గెలవాలి. దానికి కొద్ది రోజుల ముందే ఇదే టీం బెంగళూరు బుల్స్ మీద 37-32 తో, వరసబెట్టి గెలుచుకుంటూ వస్తున్న పట్నా పైరేట్స్ మీద 46-39 తో నెగ్గింది. పట్నా మీద 46 సరిపోయింది, పుణే మీద 45 సరిపోలేదు. తేడా ఎక్కడుంది? మనం కొట్టినదాంట్లో లేదు, ఇచ్చినదాంట్లో ఉంది. పుణే కుర్రాడు ఆదిత్య షిండే కూడా ఇరవైకి పైగా పట్టుకుపోయాడు, మనవాళ్ళు అతన్ని ఆపలేకపోయారు. బగ్ డిఫెన్స్‌లో ఉంటే ప్యాచ్ రైడింగ్‌కి వేస్తామంటే ఎలాగండీ? మా ఆఫీసులో జూనియర్ ఇలాంటి ఫిక్స్ చెక్-ఇన్ చేస్తే ఇదే టీం లీడు ఊరుకుంటాడా? :)

సరే, అసలు విషయానికొద్దాం. ఈ 'ఒక్క స్టార్' జబ్బు మనకి కొత్తది కాదు. చరిత్ర కొంచెం తిరగేద్దాం.

2014 లో లీగ్ మొదలైనప్పుడు టైటాన్స్ సొంత గడ్డ మన వైజాగే. రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో ఆడారు. అప్పట్లో టీం అంటే రాహుల్ చౌదరి. అతని రైడ్లకి హాలు దద్దరిల్లేది. 2015 లో సెమీఫైనల్‌కి వెళ్ళి బెంగళూరు చేతిలో 38-39, ఒక్క పాయింటు తేడాతో ఓడారు. 2016 లో మళ్ళీ సెమీస్, ఈసారి జైపూర్ చేతిలో. ఆ తర్వాత ప్లేఆఫ్స్ మొహం మళ్ళీ చూసింది 2025 లోనే. మధ్యలో తొమ్మిదేళ్ళు!

ఆ తొమ్మిదేళ్ళలో ఏం చేశారో చూడండి. 2018 లో అదే రాహుల్‌ని 1.29 కోట్లు పెట్టి అట్టే పెట్టుకున్నారు. 2019 లో వదిలేసి, సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి తెచ్చారు. తర్వాతి వేలంలో దేశాయ్‌కే ఇంకో 1.30 కోట్లు. సీజన్ మొదలైన కొద్ది మ్యాచ్‌లకే అతనికి గాయం, టీం చేతులెత్తేసింది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒకటి. తర్వాతి సీజన్‌లో 22 కి 2. ఆ తర్వాత 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది రికార్డు. టీం మొత్తానికి వేలంలో ఉండే సొమ్ము 5 కోట్లయితే, అందులో సగానికి పైగా ఒక్క మనిషికి! ఫలితం? మళ్ళీ 22 కి 2, పట్టికలో ఆఖరి స్థానం.

మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, 5 విజయాలు. ఇంకోసారి చదవండి. అరవై ఆరుకి ఐదు.

పవన్ చెడ్డ ఆటగాడని నేననడం లేదు. దేశానికి కెప్టెన్సీ చేసినవాడు, ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన టీంకి నాయకుడు. అతను సగం టీంని కూర్చోబెట్టి చుక్కలు చూపించిన మ్యాచ్‌లు నేనూ చూశాను, ఈలలూ వేశాను. తప్పు అతనిది కాదు. ఏడుగురు ఆడే ఆటలో డబ్బంతా ఒక్కడి మీద పోసి, మిగతా ఆరు స్థానాలనీ చిల్లరతో నింపితే ఏమవుతుందో అదే అయింది. సర్వరు ఒకటే పెట్టుకుని బ్యాకప్ లేకుండా నడిపితే, అది పడిపోయిన రోజు సర్వరుని తిడతామా, డిజైన్ చేసినవాణ్ణి తిడతామా?

దీనికి ఇంకో మంచి ఉదాహరణ కూడా పవన్ దగ్గరే ఉంది. 2022 లో తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకి కొనుక్కుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయం, సీజన్ మొత్తం అవుట్. అందరూ తలైవాస్ పని అయిపోయిందన్నారు. కుర్రాళ్ళతోనే ఆడి, ఆ టీం చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్ళింది ఆ ఏడాదే!

2025 సీజన్ తీసుకోండి. వేలంలో రెండు కోట్లు దాటినవాళ్ళు ఇద్దరు. గుజరాత్‌కి వెళ్ళిన షాద్లూయి 2.23 కోట్లు, బెంగాల్‌కి వెళ్ళిన దేవాంక్ దలాల్ 2.205 కోట్లు. ఆ రెండు టీంలూ మొదటి ఎనిమిదిలో కూడా లేవు. పవన్ 59.5 లక్షలకి మళ్ళీ తలైవాస్‌కి వెళ్ళాడు. సీజన్ సగం కాకుండానే ఆ టీంకీ ఆయనకీ చెడింది. తలైవాస్ కూడా ఎనిమిదిలో లేదు. మరి 'పవన్‌ని వదిలేసి తప్పు చేశారు' అనేవాళ్ళు ఏ లెక్క చూసి అంటున్నారో నాకైతే బోధపడటం లేదు.

"మరి ఢిల్లీ సంగతేంటి? అషు మాలిక్‌కి 1.90 కోట్లు పెట్టి కప్పు కొట్టలేదా?" అని మా టీం లీడు అడిగాడు. మంచి ప్రశ్నే, ఒప్పుకుంటాను. ఫైనల్లో పుణేని 31-28 తో ఓడించి కప్పు ఎత్తింది ఢిల్లీయే. కానీ అషు ఆ ఏడు సంతలో కొనుక్కొచ్చిన మనిషి కాదు. అంతకుముందు సీజన్లన్నీ ఆ టీంలోనే ఆడి, అక్కడే ఎదిగి, అక్కడే కెప్టెన్ అయినవాడు. సొంత ఇంట్లో పెరిగినవాడికి ఎక్కువ ఇవ్వడం వేరు, వేలంలో పక్కింటివాడి కోసం జేబు ఖాళీ చేసుకోవడం వేరు.

ఇక మన టీంలో మార్పు ఎప్పుడొచ్చింది? పెద్ద హడావుడి లేకుండా వచ్చిన విజయ్ మాలిక్, కోచ్ క్రిషన్ కుమార్ హుడా కలిసి పనిచేసిన రెండేళ్ళలో. 2024 లో పవన్ గాయపడి బయట కూర్చున్నప్పుడు విజయ్ బండి లాగాడు. 22 కి 12 గెలిచి, ఏడో స్థానంలో ఆగిపోయారు, ఆరో స్థానం దాకా వెళ్ళుంటే ప్లేఆఫ్సే. 2025 లో అతన్నే కెప్టెన్ని చేసి, భరత్‌ని 81 లక్షలకి తెచ్చి, డబ్బు నలుగురికీ పంచారు. 18 కి 10 గెలిచి నాలుగో స్థానం, అక్కణ్ణుంచి ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద దాకా. అరవై ఆరుకి ఐదు గెలిచిన టీం ఇదేనా అనిపించింది. మందు పనిచేస్తోంది మహాప్రభో, ఇప్పుడు డాక్టర్ని మార్చమంటారేంటి?

అయితే నా అసలు బాధ వేరే ఉంది. ఇంత రాసింది దానికోసమే.

2025 ఆగస్టు 29 న సీజన్ మన వైజాగ్‌లోనే, విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో మొదలైంది. మొదటి మ్యాచే టైటాన్స్, తలైవాస్. మా నాన్నని తీసుకెళ్ళాను. ఆయన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. కుర్రతనంలో శ్రీకాకుళం పక్క పల్లెల్లో చెడుగుడు ఆడిన మనిషి, మోకాలి మీద ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. మ్యాచ్ 35-38 తో పోయింది, అది అలా ఉంచండి. సగం ఆట అయ్యాక ఆయన నా వైపు తిరిగి అడిగారు:

"ఏరా, ఇందులో మనోళ్ళెవుళ్రా?"

కెప్టెన్ హర్యానా అన్నాను. పెద్ద రైడరు హర్యానా. కోచ్ హర్యానా. డిఫెన్స్‌లో ఇద్దరు మహారాష్ట్ర.

"మరి తెలుగని పేరెట్టారేటి?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

హర్యానా వాళ్ళు రాకూడదని కాదు, నన్ను అపార్థం చేసుకోకండి. ప్రొఫెషనల్ లీగ్‌లో ఎవరు బాగా ఆడితే వాళ్ళుంటారు. అమెరికాలో కోడ్ రాసే మనవాళ్ళందరికీ ఆ మాత్రం తెలుసు. కానీ మనల్ని ఓడించిన పుణే ఏం చేసిందో చూడండి. యువ పల్టన్ అని సొంత అకాడెమీ పెట్టుకుని ఏళ్ళ తరబడి కుర్రాళ్ళని తయారు చేసుకుంది. అస్లాం ఇనాందార్, పంకజ్ మోహితే, ఇప్పుడీ ఆదిత్య షిండే, అందరూ మహారాష్ట్ర పిల్లలే. మనం రికార్డు ధర పెట్టి ఆఖరున నిలిచిన ఆ సీజన్లోనే పుణే ఛాంపియన్ అయింది. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడో తెలుసా? 2024 మార్చి 1 న, మన గచ్చిబౌలిలో! మన ఇంటికొచ్చి పాఠం చెప్పి వెళ్ళినా మనకెక్కలేదు.

మనకి ఆట లేదా? సంక్రాంతికి ఏ ఊరెళ్ళినా కోర్టు గీసి ఉంటుంది. సినిమా వాళ్ళు 'భీమిలి కబడ్డీ జట్టు' అని మన పక్క ఊరి పేరు పెట్టి సినిమా కూడా తీశారు (అది కూడా తమిళం నుంచి తెచ్చుకున్నదే అనుకోండి, ఇక్కడా దిగుమతే!). మా వీధిలో ఒక కుర్రాడుండేవాడు. వాడు చీలమండ పట్టాడంటే ఎంతటివాడైనా అక్కడే కూలబడేవాడు. జిల్లా స్థాయి దాకా ఆడాడు. ఆ పైన ఎటు వెళ్ళాలో చెప్పేవాడు లేడు, మ్యాట్ మీద ఆడించేవాడు లేడు. ఇప్పుడు పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. క్వాలిఫయర్ రోజు వాడి ఫోన్లో వాడు, నా ఫోన్లో నేను చూశాం. ఆదిత్య షిండే వరసగా తప్పించుకుపోతుంటే వాడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆడు ప్రతిసారీ ఎడం కాలే ముందేస్తన్నాడు, ఎవడూ చూడట్లేదు."

వాడన్నది నిజమో కాదో నాకు తెలీదు. కానీ వాడు హర్యానాలో పుట్టుంటే ఆ మాట ఫోన్లో కాకుండా మ్యాట్ మీద చెప్పేవాడేమో అని మాత్రం అనిపించింది. అక్కడ కబడ్డీ అంటే ఉద్యోగానికి దారి. పోర్టు, స్టీల్ ప్లాంటు, రైల్వే, నేవీ అన్నీ ఉన్న ఈ ఊళ్ళో అది ఎందుకు దారి కాలేదు?

కాబట్టి నేనడిగేవి మూడే.

ఒకటి, ఐదు పాయింట్లకి ఓడిన టీంని ముక్కలు చెయ్యొద్దు. అట్టే పెట్టుకునే వీలున్నవాళ్ళని అట్టే పెట్టుకోండి, ముందు డిఫెండర్లని.

రెండు, వేలంలో ఏ ఒక్కరి మీదా సొమ్ములో సగం పొయ్యొద్దు. చప్పట్లు ఆ ఒక్క రోజే వినిపిస్తాయి, నొప్పి సీజనంతా ఉంటుంది.

మూడు, వేలంతో సంబంధం లేకుండా కొత్త కుర్రాళ్ళని నేరుగా తీసుకునే వీలు లీగ్ నిబంధనల్లోనే ఉంది. 'న్యూ యంగ్ ప్లేయర్' అంటారు. ఏటా అందులో ఇద్దరైనా తెలుగు పిల్లలుండాలి. దానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలు తిరిగి చూసే మనుషులుండాలి. వాళ్ళకయ్యే ఖర్చు ఒక స్టార్ మీద పెట్టేదాంట్లో ఏ మూలకి?

ఈ మూడూ చేసినా కప్పు వస్తుందని గ్యారంటీ ఇవ్వను. రాకపోవచ్చు. కానీ మా నాన్న ఇంకోసారి "మనోళ్ళెవుళ్రా" అని అడిగినప్పుడు, కనీసం ఒక్కడికైనా వేలెత్తి చూపించగలిగితే చాలు నాకు.

మా టీం లీడుకి ఇది పంపిస్తున్నాను. సోమవారం క్యాంటీన్‌లో నా గతి ఏమవుతుందో చూడాలి.