మన్యంలో నొప్పికి మందేది?

మత్తు డాక్టరు లేనిదే థియేటరు వున్నా ప్రయోజనం సున్న

అరకులోయ: కాన్పు కష్టమైనా, చెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరిగినా మన్యం మనిషికి మొదటి పరీక్ష కొండ దిగడమే. రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో రోడ్డుకు, అక్కడి నుంచి అంబులెన్సులో ఆస్పత్రికి చేరాలి. తీరా చేరాక "ఇక్కడ కాదు, విశాఖ కెజిహెచ్‌కు తీసుకుపొండి" అంటే మళ్లీ నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఘాట్ రోడ్డు ప్రతి మలుపులోనూ రోగి పడే నొప్పిని ఏ రిజిస్టరులోనూ రాయరు.

ఇలా పంపడానికి కారణాలు అనేకం. వాటిలో జనానికి అంతగా తెలియనిది మత్తు డాక్టరు కొరత. కోసే డాక్టరు వున్నా మత్తు ఇచ్చేవారు లేకపోతే ఆపరేషన్ జరగదు. సూది వేయడంతో ఆయన పని అయిపోదు. ఆపరేషన్ సాగినంత సేపూ రోగి ఊపిరి, నాడి, రక్తపోటు కనిపెట్టి వుండేది ఆయనే. తెలివి వచ్చాక నొప్పి తగ్గించే బాధ్యతలోనూ ఆయనకు పాలు వుంది.

తెలుగునాట ఈ విద్య కొత్తది కాదు. క్లోరోఫారం వాడకంపై 1888, 1889లలో హైదరాబాదులోనే రెండు కమిషన్లు పరిశోధన జరిపాయి. ఆ కాలంలోనే అక్కడ మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా చెబుతారు. అంతటి చరిత్ర వున్న విద్య కొండల మీదికి సరిగా ఎక్కకపోవడం శోచనీయం.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. 2024లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులకు అనుమతి లభించింది. ఇవి హర్షించదగినవే. అయితే కాన్పు నొప్పులకు రాత్రి, పగలు తేడా లేదు. ఒక్క మత్తు డాక్టరు ఇరవై నాలుగు గంటలూ పనిచేయలేడు. ఆయన సెలవు పెడితే థియేటరుకు తాళమే. ఎంబిబిఎస్ డాక్టర్లకే అత్యవసర కాన్పుల కోసం మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం లోగడే 18 వారాల కోర్సుగా ప్రారంభించింది. ఇలాంటి శిక్షణ మన్యం డాక్టర్లకే ముందు అందాలి.

సికిల్ సెల్ రోగుల గోడు

ఇక్కడి గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు వుండటంతో ఈ సమస్యకు మరింత ప్రాముఖ్యం ఏర్పడింది. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఎముకల్లో, రొమ్ములో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, ప్రాణవాయువు చాలకపోవడం దీన్ని రేపుతాయి. అందుకే ఆపరేషన్ సమయంలో ఇలాంటి రోగి ఒళ్లు చల్లబడకుండా, నీరు, ఆక్సిజన్ తగ్గకుండా చూడాలి. జబ్బు సంగతి ముందే తెలియకపోతే కడుపు నొప్పిని అపెండిసైటిస్‌గా పొరపడే ప్రమాదమూ లేకపోలేదు.

2023 జూలై 1న కేంద్రం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వారికి రక్తపరీక్షలు చేపట్టారు. పరీక్ష చేయించుకున్నవారు ఆ కార్డును రేషన్ కార్డు మాదిరిగా భద్రపరచుకుని ఆస్పత్రికి వెళ్లేటప్పుడు తప్పక వెంట తీసుకువెళ్లాలి.

గంజాయి చట్టమే మార్ఫిన్‌కూ

ఏజెన్సీలో గంజాయి కేసుల పుణ్యమా అని 1985 నాటి మత్తుమందుల చట్టం పేరు వినని గూడెం లేదు. క్యాన్సర్ వంటి జబ్బుల్లో తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. లైసెన్సుల తంటాలకు జడిసి అనేక ఆస్పత్రులు ఆ మందునే పెట్టుకోవడం మానేశాయి. వైద్య అవసరాలకు ఇబ్బంది లేకుండా 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించారు. గంజాయిని అరికట్టాల్సిందే. అంతమాత్రాన మంచం పట్టిన రోగి నొప్పితో అలమటించనక్కరలేదు.

రోగులు చెప్పవలసినవి

ఆపరేషన్‌కు ముందు ఏమీ తినవద్దన్నారని అన్నం మాని, చోడి అంబలి తాగేవారున్నారు. అంబలి తాగేదే అయినా ఆహారం కిందే లెక్క. మత్తులో కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. సాధారణంగా ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. తాగిన జీలుగు కల్లు, మింగిన పసరు మందు, కాల్చే చుట్ట, ఆడవారి అడ్డపొగ - ఏదీ దాచకూడదు. అవి తెలిస్తేనే డాక్టరు తగిన జాగ్రత్త తీసుకోగలడు. వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి వుంటుందనే భయానికి ఆధారం లేదు. కొన్నాళ్లు తలనొప్పి గాని, సూది వేసిన చోట నొప్పి గాని వస్తే డాక్టరుకు చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీయనివారికి, దగ్గనివారికి కఫం పట్టి న్యుమోనియా రావచ్చు. బాలింత బిడ్డకు పాలివ్వలేదు. మరో చిక్కు భాష. కువి, ఒడియా మాత్రమే వచ్చిన అవ్వ తన నొప్పిని తెలుగులో ఎలా చెబుతుంది? మూలగనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు. నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం వరకు వరుసగా వున్న బొమ్మలు చూపి నీ నొప్పి ఏది అని అడిగే పద్ధతి వుంది. దానికయ్యే ఖర్చు ఒక్క కాగితం.

ఏజెన్సీ ఆస్పత్రుల్లో రాత్రింబవళ్లు మత్తు డాక్టర్లు వుండేలా పోస్టులు నింపి, కొండల్లో పనిచేసేవారికి క్వార్టర్లు, అదనపు భత్యం కల్పించాలి. విశాఖకు పంపక తప్పని రోగికి బయలుదేరే ముందే నొప్పి తగ్గే మందు ఇవ్వాలి. గిరిజన భాషలు తెలిసిన ఒకరిని వార్డులో వుంచాలి. డోలీ మోసేవారి భుజాల నొప్పి గూడేనికి రోడ్డు పడితే పోతుంది. డోలీలో వున్న మనిషి నొప్పి తీరాలంటే ఆ రోడ్డు చివర వున్న ఆస్పత్రిలో మత్తు డాక్టరు వుండాలి. ప్రభుత్వం ఈ విషయమై తక్షణం శ్రద్ధ వహించడం అవసరం.